తల్లి గడిలో సరూర్‌నగర్

మనిషన్నవాడికి తల్లి ఉండి తీరాలని ప్రకృతి ఎప్పుడో నిర్ణయించింది. ఆ తల్లి ఎవరన్నది మాత్రం ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర, టిఫిన్ సెంటర్ పైన, మూడో అంతస్తులో ఉన్న తూర్పు మండల బంధుత్వ ధ్రువీకరణ కార్యాలయం నిర్ణయిస్తుంది. ప్రకృతికీ మా కార్యాలయానికీ అభిప్రాయభేదం వస్తే ప్రకృతి తెల్లకాగితం మీద అర్జీ రాసి, రెండు ఫోటోలు అంటించి, ఒకటో నంబరు కిటికీ దగ్గర ఇవ్వవలసి ఉంటుంది. (భోజన విరామం ఒకటిన్నర నుంచి మూడు దాకా. ప్రకృతి అయినా సరే, ఆగాలి.)

ఆ ఒకటో నంబరు కిటికీ వెనక నేను కూర్చుంటాను. ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. చెప్పింది టైపు చేయడం నా పని. చెప్పనిది గమనించడానికి జీతం లేదు కాబట్టి అది తీరిక ఉన్నప్పుడు చేస్తాను.

మా కార్యాలయంలోని బంధుత్వాలన్నీ 'బంధు' అనే ప్రోగ్రాంలో ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో 'ముప్పై రోజుల్లో సీ లాంగ్వేజ్' బోర్డు కింద పాఠం చెప్పే మధు సార్ పద్దెనిమిదేళ్ల కింద దీన్ని రాసిచ్చారు. ముప్పై రోజుల్లో. అందులో ఒక్కో మనిషికి ఒక్కో చీటీ ఉంటుంది. కంప్యూటర్ మెమరీలో ఆ చీటీ ఎక్కడ ఉందో చెప్పే అంకె ఆ చీటీకి అడ్రస్. కూతురి చీటీలో తల్లి గడి ఉంటుంది గాని, అందులో తల్లి పేరుండదు. తల్లి చీటీ ఏ అడ్రస్‌లో ఉందో అది మాత్రమే ఉంటుంది. దీన్ని పాయింటర్ అంటారు. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ ఇంతకన్నా వేగంగా తల్లిని చేరుకునే దారి లేదు.

ఇది అర్థం కానివారు నేనుండే హాస్టల్‌కు రావచ్చు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక గల్లీలోనే. అక్కడి వార్డెన్ కౌసల్యమ్మ ఎవరినీ పేరుతో పిలవదు. 'మూడో ఫ్లోర్ కిటికీ మంచం' అంటుంది, 'రెండో ఫ్లోర్ బాత్రూం పక్క మంచం' అంటుంది. వచ్చిన పార్సిల్ మీద కూడా అదే రాసి పెడుతుంది. పరీక్షలైపోయి కొత్త బ్యాచ్ దిగి మంచాలు మారినప్పుడు పాత పార్సిళ్లు కొత్త అమ్మాయిలకు చేరతాయి. ఒకసారి ఎవరో హన్మకొండ అమ్మాయి తాలూకు నాలుగు కిలోల సకినాలు నా మంచం మీదికి వచ్చాయి. వాటి గురించి ఇంతకుమించి ఇక్కడ రాయడం క్షేమం కాదు.

రోజూ సాయంత్రం ఐదింటికి బంధు ఈ అడ్రసులన్నిటినీ మామూలు అంకెలుగా మార్చి ఫైల్‌లో రాసి పెట్టేది. ఆ ఫైల్‌ను తిరిగి చదవాల్సిన అవసరం మాత్రం పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ రాలేదు, ఎందుకంటే కంప్యూటర్‌ను ఎవరూ ఎప్పుడూ ఆపలేదు. స్విచ్ మీద 'ఆపరాదు' అని కాగితం ఉండేది. కరెంటు పోతే ఇన్వర్టర్, ఇన్వర్టర్ పోతే ఇంకో ఇన్వర్టర్. ఒక్కసారి కూడా తెరిచి చూడనందువల్ల ఆ ఫైల్ చాలా నమ్మకమైనదని పేరు తెచ్చుకుంది.

ఇలా ఉండగా దసరా వచ్చింది.

మా అటెండర్ అంతయ్య ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. సెలవులకు ముందురోజు మధ్యాహ్నం ఆయుధపూజ ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది. స్టాంపులు, స్టేప్లర్లు, పంచింగ్ మెషిన్, ఆఫీసు జీపు తాళం వరుసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టాడు. ఆ తర్వాత కంప్యూటర్ వైపు చూసేసరికి ఆయన మనసు కరిగిపోయింది.

"మేడం, గీ పొద్దు కత్తికి గూడ పని చెప్పం, కత్తెరకు గూడ చెప్పం. ఇది పద్దెనిమిదేండ్ల సంది ఒక్క దసరా సెలవు ఎరుగదు. పాపం తగుల్తది" అన్నాడు.

సూపరింటెండెంట్ ఇంద్రాణి మేడం గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క రిమార్కు లేదు. ఆ క్షణంలో ఆవిడ ఫోన్లో చీరల గురించి మాట్లాడుతున్నారు. "సరే, కానివ్వవయ్యా" అన్నారు.

అంతయ్య స్విచ్ ఆపాడు. తడిగుడ్డతో లోపలా బయటా తుడిచాడు. పసుపునీళ్లు చిలకరించి, బంతిపూల దండ వేసి, మౌస్ కింద నిమ్మకాయ పెట్టాడు. గుమ్మం ముందు గుమ్మడికాయ పగిలింది.

సెలవులయ్యాక సోమవారం కంప్యూటర్ లేవలేదు. పసుపునీళ్లు లోపలికి పోయాయని ఒక వాదన. విశ్రాంతి రుచి మరిగిందని ఇంకో వాదన. ఏదేమైనా, కొత్త కంప్యూటర్ తీయక తప్పలేదు. అది నాలుగేళ్లుగా అట్టపెట్టెలోనే, ఇంద్రాణి మేడం బల్ల కింద, ఆవిడ కాళ్లు పెట్టుకునే పీటగా సేవలందిస్తోంది. (ప్రత్యామ్నాయ పీట మంజూరు కావడానికి పదకొండయింది. ఆ తర్వాతే పెట్టె విప్పాం.) మధు సార్ వచ్చి బంధును అందులోకి ఎక్కించి, నమ్మకమైన ఫైల్‌ను మొదటిసారి తెరిచారు.

పేర్లన్నీ ఉన్నాయి. వయసులున్నాయి. తల్లి గడిలో, తండ్రి గడిలో ఉన్న అడ్రసులు మాత్రం పాత కంప్యూటర్‌లోని జాగాలవి. కొత్తదాంట్లో అక్కడ ఎవరూ లేరు. లక్షా పద్నాలుగు వేలమంది ఒక్క పూటలో ఒకరికొకరు ఏమీ కాకుండా పోయారు. (ఆ వారం తూర్పు హైదరాబాద్‌లో కుటుంబ కలహాలు తగ్గాయా అన్న సమాచారం అందలేదు.)

ఇంద్రాణి మేడం కంగారు పడే మనిషి కాదు. మధ్యాహ్నానికి సర్క్యులర్ అంటించారు. అందులో మూడు ముక్కలు. ఒకటి, బంధుత్వం అత్యవసరమైనవారు మాత్రమే తిరిగి నమోదు చేసుకోవాలి. రెండు, పాత కంప్యూటర్ విశ్రాంతి లేక మరణించినందున కొత్తదాన్ని రోజూ సాయంత్రం ఐదింటికి ఆపాలి. మూడు, నియమం పద్నాలుగు యథాతథం. ఆ నియమం ప్రకారం నమోదైన బంధుత్వం ఒక రాత్రి నిలవాలి. మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరిచి చూసినప్పుడు అదే బంధుత్వం ఉంటేనే ధ్రువపత్రం మీద సంతకం. రాత్రికి రాత్రి మారిపోయే సంబంధాలకు ప్రభుత్వం బాధ్యత వహించదు.

క్యూలో మొదట నిలబడ్డది యాదమ్మ, ఆమె కూతురు ప్రసన్న.

యాదమ్మది పోచంపల్లి. మగ్గం మీద ఇరవై ఏళ్లు కూర్చుని, ఇప్పుడు సరూర్‌నగర్‌లో కిరాయింట్లో ఉంటూ ఒక బట్టల షాపుకు చీరల అంచులు సరిచేసి ఇస్తుంది. చేనేత కార్డు ఆమె పేరు మీద ఉంది. ప్రసన్నకు అక్కడి ఇండోర్ స్టేడియం దగ్గరున్న చేనేత నమూనాల సంస్థలో డిజైనర్ ఉద్యోగం వచ్చింది, నేతకారుల పిల్లల కోటాలో. ఆ అమ్మాయి యాదమ్మ కూతురేనని మా ధ్రువపత్రం పెడితే ఉద్యోగం ఖాయం. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు పెట్టకపోతే వరుసలో తర్వాతి వారికి పోతుంది.

"రాసుకో బిడ్డా. నేను యాదమ్మ, ఇది నా బిడ్డ. గంతే" అంది యాదమ్మ నాతో.

రాసుకున్నాను. తెర మీద ప్రసన్న చీటీ, తల్లి గడిలో యాదమ్మ. ఇద్దరూ కిటికీలోంచి వంగి చూసి తృప్తి పడ్డారు. ఐదింటికి అంతయ్య కంప్యూటర్‌కు దండం పెట్టి ఆపేశాడు.

మంగళవారం పొద్దున తెరిస్తే బంధు మూడుసార్లు కిక్కురుమనకుండా కూలిపోయింది. తప్పుడు అడ్రస్‌కు పోయిన ప్రోగ్రాంలు సాధారణంగా అదే చేస్తాయి, వాటికి ఆ మాత్రం సిగ్గు ఉంటుంది. నాలుగోసారి నిలబడింది. మా దగ్గర నిలబడింది ఏదైనా నిజమే. ప్రింటర్ కాగితం కక్కింది.

పేరు: ప్రసన్న. తల్లి: సరూర్‌నగర్. తల్లి వయసు: 500035 సంవత్సరాలు.

ఇంద్రాణి మేడం కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"మీ అమ్మగారు రాలేదా?" అని అడిగారు.

"గీడ నిలబడ్డ గద మేడం! నేనే అమ్మను!" అంది యాదమ్మ.

"నువ్వు కాదని మేం అనట్లేదమ్మా. కంప్యూటర్లో ఉన్నది చెప్తున్నాం. సరూర్‌నగర్ గారు ఆధార్ తీసుకుని రావాలి. వయసు చూశావా, ఐదు లక్షల ముప్పై ఐదు. సీనియర్ సిటిజన్. క్యూలో నిలబడక్కర్లేదు, నేరుగా లోపలికి రావచ్చు."

"అది మా ఏరియా పిన్‌కోడ్ మేడం" అంది ప్రసన్న మెల్లగా.

"పిన్‌కోడ్ అయితే ఆరంకెలుండాలి కదా" అన్నారు మేడం. లెక్కపెట్టారు. ఆరే ఉన్నాయి. "ఉంటే ఉండనీ. వయసులో ఇన్ని అంకెలుండకూడదని ఏ నియమంలోనూ లేదు."

యాదమ్మ నా వైపు తిరిగింది. "ఇదేంది బిడ్డా! ఊరోల్లందరు మా సరూర్‌నగరు మా సరూర్‌నగరని పాణమిస్తరు గని, అది పిల్లల్ని గన్నదని నాకు తెల్వకపాయె!"

క్యూ అంతా నవ్వింది. ప్రసన్న కూడా నవ్వింది గాని ఆ నవ్వు శుక్రవారం దాకా పోయి వెనక్కి వచ్చినట్టుంది.

మధు సార్‌ను మళ్లీ పిలిపించాం. క్లాసు మధ్యలోంచి రెండు స్టేషన్ల అవతల నుంచి మెట్రోలో వచ్చారు. చేతిలో ఇంకా మార్కర్ ఉంది. తెర వైపు చూసి తల పట్టుకున్నారు.

"అడ్రస్ సగమే మిగిలింది మేడం. పాత కంప్యూటర్ల అడ్రస్ చిన్నగ ఉంటుండె. నేను దాన్ని ఇంట్ అనే గడిల రాసిన, సరిపోయింది. గీ కొత్తదాంట్ల అడ్రస్ రెండింతలు పొడుగు. గడి మాత్రం గదే పాత గడి. రాస్తుంటే ముందు సగం రాలిపోయింది. ఉత్తరం మీద ఊరు కొట్టేసి ఇంటి నంబరొక్కటే ఉంచినట్టు. ప్రోగ్రాం ఆ సగం పట్టుకొని పోయి, ఎవరిదో చీటీ నడుమ దిగింది. గక్కడ వాళ్ల ఇంటి అడ్రస్ ఉండె, ఏరియాను పేరనుకొని, పిన్‌కోడ్‌ను వయసనుకొని చదివింది."

"ఇలా అవుతుందని అప్పుడు తెలీదా?" అన్నారు మేడం.

"ప్రోగ్రాంను మెషిన్ భాషలకు మార్చే కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది మేడం."

"మరి?"

"వార్నింగే గద. ఎర్రర్ అయితే కాదు."

ఈ సమాధానం మేడంకు బాగా నచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ కూడా అదే తేడా మీద బతికారు.

మధు సార్ గడిని వెడల్పు చేశారు. సీ భాషలో అచ్చంగా ఇందుకోసమే ఒక రకం గడి ఉందట. ఏ కంప్యూటర్‌లోనైనా అడ్రస్ ఎంత పొడుగుంటే అదీ అంత పొడుగు సాగుతుంది, ఒక్క అంకె కూడా రాలదు. యాదమ్మను మళ్లీ రాసుకున్నాను. సాయంత్రానికి గోడ మీద ఇంకో సర్క్యులర్ వెలిసింది: ఇకపై తల్లులను సగంలో ఆపకుండా పూర్తిగా భద్రపరచవలెను.

బుధవారం పొద్దున బంధు ఒక్కసారే కూలింది. దీన్ని అభివృద్ధిగా నమోదు చేశాం. రెండోసారి నిలబడి కాగితం ఇచ్చింది.

పేరు: ప్రసన్న. తల్లి: అంతయ్య. వయసు: 60. పురుషుడు.

అంతయ్య ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు ముగ్గురూ కొడుకులే.

"మేడం, నాకు ఆడిబిడ్డ లేదని మా ఇంటామె ఎప్పుడు ఏడుస్తుంటది" అన్నాడు. ఆ వెంటనే ప్రసన్న వైపు తిరిగి, "పొద్దున ఏమన్న తిన్నవా బిడ్డా? ఉండు, కింద నుంచి ఇడ్లీ తెస్త" అని మెట్లు దిగి పోయాడు.

"మగవాళ్లు తల్లి కావడం కుదురుతుందా మధుగారూ?" అన్నారు ఇంద్రాణి మేడం.

"అది ఆపే చెకింగ్ ఫేజ్ టూల ఉండె మేడం. ఫేజ్ టూ శాంక్షన్ కాలె."

"అయితే ప్రస్తుతానికి కుదురుతుందన్నమాట" అని మేడం నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

యాదమ్మ ఓపిక అక్కడ తెగింది. "ఓ సారూ! నిన్న ఊరిని తల్లన్నరు, ఇయ్యాల మొగోనికి తల్లితనమిచ్చిన్రు. తొమ్మిది నెలలు మోసిన నేను యాడికి పోవాలె? మల్లొక్కసారి కనమంటవా?"

మధు సార్ ఒక అడుగు వెనక్కి వేశారు. "అడ్రస్ ఈసారి పూర్తిగనే రాసింది అమ్మా. ఒక్క అంకె పోలె. కాకపోతే రాత్రి కంప్యూటర్ ఆపినం, పొద్దున తెరిచినం. తెరిచిన ప్రతిసారి ఇది మనుషుల్ని కొత్త జాగలల్ల కూసోబెడ్తది. నిన్న నువ్వున్న జాగల ఇయ్యాల అంతయ్య కూసున్నడు."

"ఎందుకలా?" అన్నారు మేడం.

"సెక్యూరిటీ మేడం. ఎవరు యాడ ఉన్నరో దొంగలకు తెల్వొద్దని."

"దొంగలకు తెలీకపోతే పర్లేదు. తల్లులకు కూడా తెలీకపోతే ఎలా?"

ఆ పూటే మానిటర్ మీద నోటీసు అంటింది: లోపలి వ్యక్తులు కార్యాలయ వేళల అనంతరం స్థలము మారరాదు. మారినవారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును. అది లోపలివాళ్లకు కనబడేలా అక్షరాలు తెర వైపు తిప్పి అంటించారు. మేడం ఏ పనీ అరకొరగా చేయరు. నోటీసు ప్రతిని కంప్యూటర్ కంపెనీకి కూడా రిజిస్టర్డ్ పోస్టులో పంపారు.

ఇంతలో అంతయ్య ఇడ్లీతో వచ్చాడు. ప్రసన్న పొట్లం పట్టుకుని తినకుండా నిలబడింది.

"మేడం, శుక్రవారం ఐదింటికి వాళ్లు క్లోజ్ చేస్తరు" అంది. "ఆ తర్వాత మీరు ఎవర్ని రాసినా నాకు ఒక్కటే. ఉద్యోగం దొరికేటప్పుడే గీ కాగితంల అమ్మతోని పని."

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. మూడేళ్లలో అదే మొదటిసారి కాబట్టి అందరూ చూశారు.

"రోల్ నంబర్ రాస్తే?" అన్నాను.

"ఏంటమ్మాయ్?"

మా ఊరి బడిలో వానాకాలం రేకుల్లోంచి ఎక్కడ పడితే అక్కడ కారేది. రోజూ జాగాలు మారేవాళ్లం. ఒక్కోరోజు మూడో తరగతి మొత్తం ఐదో తరగతిలో ఉండేది. సూర్యప్రభ టీచర్ ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసేది కాదు. రిజిస్టర్‌లో ప్రతివాళ్లకూ ఒక రోల్ నంబర్. పిల్ల ఏ మూల కూర్చున్నా ఆ నంబర్ పిలిస్తే అక్కడి నుంచే పలికేది. ఇదంతా చెప్పి, తల్లి గడిలో అడ్రస్‌కు బదులు తల్లి నంబర్ రాసి దాస్తే సరిపోతుంది కదా అన్నాను. పొద్దున తెరిచాక ఒకసారి హాజరు పిలిచి, ఏ నంబర్ ఎక్కడ కూర్చుందో చూసుకుని, ఆ రోజు అడ్రస్ ఆ రోజు నింపుకోవచ్చు. అడ్రస్ ఆ ఒక్క రోజుకే. ఫైల్‌లోకి పోయేది నంబర్ ఒక్కటే. అప్పుడు కంప్యూటర్ పాతదైనా కొత్తదైనా, చిన్నదైనా పెద్దదైనా ఒకటే.

మధు సార్ నన్ను వింతగా చూశారు. "ఇది నా నోట్స్‌లనే ఉంటది. ఏడో చాప్టర్."

"మరి ఇందులో పెట్టలేదేం సార్?"

"ముప్పై రోజుల బ్యాచ్ అమ్మా. ఐదో చాప్టర్ల అయిపోతది. ఏడు దాకా నేను గూడ ఎన్నడు పోలె."

ఇంద్రాణి మేడం ఒప్పుకోలేదు. రోల్ నంబర్ అనే మాట బడికి చెందినది, వయసొచ్చినవాళ్లను, అందులోనూ తల్లుల్ని రోల్ నంబర్‌తో పిలవడం కార్యాలయ గౌరవానికి భంగం. గంటసేపు చర్చ జరిగింది. చివరికి దాన్ని 'శాశ్వత బంధుత్వ గుర్తింపు సంఖ్య' అని పిలిస్తే భంగం ఉండదని తేలింది. ఒకటో సంఖ్య ఆవిడకే ఇస్తామని మధు సార్ అనడంతో మిగిలిన సాంకేతిక అభ్యంతరాలు కూడా వాటంతటవే తొలగిపోయాయి.

గురువారం మధు సార్ బంధును సరిచేస్తుంటే క్యూలో వార్త పాకింది, నంబర్లు ఇస్తున్నారట అని. ఆ తర్వాత ఏం జరిగిందో మన ప్రాంతపు బండ్ల నంబర్‌ప్లేట్లు చూసినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. ఒకాయన తనకు నాలుగు తొమ్మిదులు కావాలన్నాడు. ఇంకొకాయన తన నంబర్ కూడితే ఆరు రావాలన్నాడు. బాటసింగారం మార్కెట్‌లో బత్తాయిల వ్యాపారం చేసే సుమిత్రమ్మ తన ఇద్దరు కోడళ్ల నంబర్లు తన నంబర్ కన్నా చిన్నవి కాకూడదని రాతపూర్వకంగా అడిగింది. కొడుకుల నంబర్లు ఏవైనా ఫరవాలేదట. అంతయ్య కూడా నా చెవిలో, "బిడ్డా, నాకు లారీ లెక్క యాదికుండే నంబరు ఇయ్యి" అన్నాడు. నేను కంప్యూటర్ ఇచ్చింది ఇచ్చినట్టు ఇచ్చాను. దీనివల్ల నాకు ఆ రోజు చాలామంది శత్రువులయ్యారు.

యాదమ్మకు 40216 వచ్చింది.

"మంచి నంబరేనా?" అంది.

"ఇంకెవరికీ రాని నంబర్ అమ్మా" అన్నాను.

"అయితే మంచిదే. రాసెయ్యి. బిడ్డ దక్కితె సాలు."

ప్రసన్న చీటీలో తల్లి గడిలో 40216 అని రాసి దాచాను. అంతయ్య రోజూ కన్నా ఎక్కువసేపు దండం పెట్టి కంప్యూటర్ ఆపాడు. ఆయన ఏం కోరుకున్నాడో నేను అడగలేదు.

శుక్రవారం పొద్దున బంధు కూలలేదు. లోపలి మనుషులు నోటీసును లెక్కచేయకుండా మళ్లీ జాగాలు మారారు. బంధు హాజరు పిలిచింది. 40216 ఏదో మూల నుంచి పలికింది. ప్రింటర్ కదిలింది.

పేరు: ప్రసన్న. తల్లి: యాదమ్మ.

యాదమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. మధు సార్ మార్కర్ జేబులో పెట్టుకుని, ఇదంతా ముందు నుంచీ తనకు తెలిసినట్టు నవ్వారు. అందరూ సంతకం కోసం చూస్తుంటే ఇంద్రాణి మేడం ఫైల్ తెరిచి మూడు కాగితాలు పక్కపక్కన పరిచారు. మంగళవారం నాటి సరూర్‌నగర్. బుధవారం నాటి అంతయ్య. శుక్రవారం నాటి యాదమ్మ.

"ఒక వ్యక్తికి ముగ్గురు తల్లులు నమోదైనప్పుడు, మూడోవారికి పత్రం ఇవ్వాలంటే మొదటి ఇద్దరూ నిరభ్యంతర పత్రం ఇవ్వాలి" అన్నారు. "నియమం ఇరవై రెండు."

"మేడం!" అంది ప్రసన్న.

"నా చేతుల్లో ఏముందమ్మా? నియమం నేను పెట్టలేదు." (1997లో ఆ నియమం ముసాయిదా రాసింది ఆవిడే. కింద సంతకం ఉంది.)

అంతయ్య నిరభ్యంతరం సులభమే అనుకున్నాం. పెన్ను పట్టుకుని పదినిమిషాలు కూర్చున్నాడు. చివరికి, "రెండు రోజులే అయినా పానం వట్టె. నా బిడ్డను ఇష్టపూర్వకంగ యాదమ్మకు ఇస్తున్న. మంచిగ చూసుకోవాలె" అని రాసి సంతకం చేశాడు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో ఆమెకూ తేలినట్టు లేదు.

సరూర్‌నగర్ మిగిలింది.

భోజన విరామం వచ్చింది, పోయింది. మూడున్నరకు నేను నియమావళి మొత్తం చదివి ఒక దారి పట్టుకున్నాను. ఇరవై రెండుకు ఉపనియమం ఒకటి ఉంది. అభ్యంతరం తెలపవలసిన వ్యక్తిని కార్యాలయ వసారాలో మూడుసార్లు పేరుపెట్టి పిలవాలి. రాకపోతే అభ్యంతరం లేనట్టే. మేడం దాన్ని చదివి, ఒక లోపం కూడా దొరక్క, "సరే, పిలవండి" అన్నారు.

అంతయ్య వసారాలోకి పోయి, పిట్టగోడ దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, కోర్టు బంట్రోతు లాగా పిలిచాడు.

"సరూర్‌నగర్!"

కింద రోడ్డు మీద బస్సుల మోత.

"సరూర్‌నగర్!"

క్యూ మొత్తం వసారా వైపు జరిగింది.

"సరూర్‌నగర్!"

"ఆ వస్తున్న, వస్తున్న!" అని కింది నుంచి కేక వచ్చింది. "ఎంతమందున్నరన్నా? ఇద్దరైతే ఇప్పుడే కదుల్త!"

అందరం పిట్టగోడ మీంచి వంగి చూశాం. టిఫిన్ సెంటర్ ముందు షేరింగ్ ఆటోలోంచి ఒకతను తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు. ఇంద్రాణి మేడం ముఖంలో, చట్టం ప్రకారం జరగాల్సింది జరిగినప్పుడు కలిగే ప్రశాంతత కనిపించింది.

"హాజరయ్యారు. పైకి పిలవండి" అన్నారు.

ఆటో డ్రైవర్ పేరు సాయినాథ్. మూడంతస్తులు ఎక్కి రొప్పుతూ వచ్చాడు. "సవారీ ఏడున్నది? జల్ది మేడం, ట్రాఫిక్ పోలీస్ నిలవడ్డడు."

"మీరు సరూర్‌నగర్ తరఫునేనా?" అన్నారు మేడం.

"పన్నెండేండ్ల సంది గదే రూట్ మేడం."

"ఈ అమ్మాయి తల్లి యాదమ్మ. మీకేమైనా అభ్యంతరమా?"

సాయినాథ్ ప్రసన్నను చూశాడు, యాదమ్మను చూశాడు, మా అందరినీ చూశాడు. "నాకేం అభ్యంతరం మేడం? పెండ్లి సంబంధమా?"

"ఇక్కడ సంతకం చేయండి."

"చేస్తే ఇద్దరూ నా బండే ఎక్కుతరా?"

"ఎక్కుతం నాయనా, నువ్వు ముందు చెయ్యి!" అంది యాదమ్మ.

'సరూర్‌నగర్ తరఫున' అని ఉన్నచోట సాయినాథ్ సంతకం చేశాడు. కింద రిజిస్ట్రేషన్ నంబర్ గడిలో ఆటో నంబర్ వేశాడు. మేడం దాన్ని పరిశీలించి, సరిపోయిందన్నారు. నాలుగూ ఇరవైకి ఆకుపచ్చ సిరా సంతకం పడింది, గుండ్రటి స్టాంపు పడింది. ప్రసన్న కాగితం పట్టుకుని మెట్ల మీద పరుగెత్తింది. యాదమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల. అంతయ్య పిట్టగోడ దగ్గర నుంచి, "మెల్లగ బిడ్డా, మెల్లగ!" అని అరుస్తూనే ఉన్నాడు.

నాలుగూ యాభై ఒకటికి నా ఫోన్ మోగింది. ప్రసన్న. వెనక నుంచి యాదమ్మ ఎవరికో తన నంబర్ చెప్తున్న చప్పుడు.

"అక్కా, తీసుకున్నరు! జాయినింగ్ సోమవారం!" అంది. మేం ఇద్దరం కాసేపు ఊరికే నవ్వుకున్నాం. "కానీ అక్కా, కింద చిన్నగ ఏదో రాసి ఉందట, ఇక్కడి ఆఫీసు సార్ అడుగుతున్నడు. మా అమ్మకు కండ్లు ఆనయి, నాకేమో భయమైతంది, నువ్వే చదువు."

ఆఫీసు కాపీ తీసి, వెలుతురులో పెట్టి చదివాను. అన్ని ధ్రువపత్రాల కింద మామూలుగా ఉండే వాక్యమే అది.

శ్రీమతి యాదమ్మ, కుమారి ప్రసన్నకు తల్లిగా, వచ్చే మార్చి ముప్పై ఒకటి వరకు మాత్రమే చెల్లుదురు.